అక్క దేశం మారిన వేసవి

రెండువేల ఆరో సంవత్సరంలో మట్టల ఆదివారం ఏప్రిల్ తొమ్మిదిన పడింది. చర్చి నుంచి మేం ఇంటికొచ్చేసరికి పదకొండు దాటింది. నాన్న చేతిలో కొబ్బరి మట్ట ఇంకా అలాగే ఉంది, ఎక్కడ పెట్టాలో తోచనట్టు వాకిట్లో నిలబడ్డాడు. అమ్మ చీరైనా మార్చుకోకుండా పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. అప్పుడు ఫోన్ మోగింది.

ఆదివారం ఆ వేళకి మా ఇంటికి ఫోన్ చేసేది అక్క ఒక్కతే. మా అక్క హెలెన్ అప్పటికి ఆరేళ్ళుగా మారిషస్‌లో ఉంటోంది. అక్కడొక బడిలో ఆడపిల్లలకి కుస్తీ నేర్పుతుంది.

"సువ్వీ," అంది. నా పేరు సువార్త. నన్ను అలా పిలిచేది తనొక్కతే. "జూన్ మొదటి వారంలో వైజాగ్ వస్తున్నానే. కుస్తీ పోటీలు. ఏడు దేశాలవాళ్ళు వస్తున్నారు."

"నీ పిల్లల్ని దింపుతున్నావా?"

"కాదు. నేనే దిగుతున్నాను."

అదేంటో నాకర్థమయ్యేలోపే నాన్న వచ్చి నా చేతిలోంచి ఫోన్ తీసుకున్నాడు. వైజాగ్, కుస్తీ అన్న రెండు ముక్కలు ఆయన చెవిన పడ్డాయి.

"ఏంటమ్మా, మళ్ళీ పిలిచారా మనోళ్ళు? నేను చెప్పలేదా, ఎప్పటికైనా పిలుస్తారని! మీ అమ్మే నమ్మలేదు." ఆయన గొంతు వీధిలోకి వినపడేంత పెద్దదైంది. కొబ్బరి మట్ట బుగ్గకి గీసుకుంటున్నా చూసుకోలేదు.

అవతల అక్క ఏం చెప్పిందో నాకు వినపడలేదు. నాన్న మొహం మాత్రం కనపడుతోంది. కాసేపు విని, "అంటే... మనోళ్ళ మీదా?" అన్నాడు. మళ్ళీ విన్నాడు. తర్వాత, "సరేనమ్మా. ఇదిగో మీ అమ్మతో మాట్లాడు," అని ఫోన్ బల్ల మీద పెట్టేసి పెరట్లోకి వెళ్ళిపోయాడు.

అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి ఫోన్ అందుకుని అడిగిన మొదటి మాట, "తింటున్నావా?"

సంగతేంటంటే, అక్క మారిషస్ మనిషైపోయింది. ఆ దేశం వాళ్ళు పాస్‌పోర్ట్ ఇచ్చారు. మన పాస్‌పోర్ట్ తిరిగి ఇచ్చేసింది. ఇక మీద కుస్తీ పడితే వాళ్ళ తరఫునే.

రావులపాలెం అరటి మార్కెట్లో నాన్న ముఠా పని చేసేవాడు. గెలలు మోసి లారీలకెక్కించే పని. యెహెజ్కేలు అంటే యార్డులో తెలియనివాళ్ళు లేరు. పదిహేనేళ్ళ వయసులో అక్క కూడా సెలవుల్లో వెళ్ళి భుజానికొక గెల చొప్పున మోసేది. మా హైస్కూల్లో డ్రిల్లు చెప్పే వెంకన్న మాస్టారు అది చూసి అక్కని కుస్తీలోకి దింపారు. ఆడపిల్లల కుస్తీ అంటే జిల్లాలో జనం నవ్వే రోజులు. మ్యాట్ ఎక్కడిది? యార్డు చివర పాత షెడ్డులో ఎండుగడ్డి పరిచి, దాని మీద టార్పాలిన్ లాగి కట్టి, దాని మీదే పట్టేవాళ్ళం. పట్టేవాళ్ళం అంటే, అక్క పట్టేది, నేను పడేదాన్ని. అక్కతో తలపడటానికి చుట్టుపక్కల ఇంకో ఆడపిల్ల లేదు. అక్కకంటే రెండేళ్ళు చిన్నదాన్ని నేను ఉన్నాను. తన ఎడమ భుజం మీంచి గాల్లోకి లేచి వెల్లకిలా పడటం, లేచి గడ్డి దులుపుకోవడం, మళ్ళీ పడటం. నాకు పద్నాలుగు నుంచి పంతొమ్మిది ఏళ్ళ దాకా సాయంత్రాలన్నీ అలాగే గడిచాయి. పడీ పడీ నేను కూడా కాస్త నేర్చుకున్నాను. రాష్ట్ర పోటీల్లో ఒకసారి మూడో స్థానం వచ్చింది.

అక్క జాతీయ పోటీల్లో వెండి పతకం తెచ్చింది. ఇండియా క్యాంపుకి పిలిచారు. ఒకసారి విదేశానికి రిజర్వుగా తీసుకెళ్ళారు, మ్యాట్ మాత్రం ఎక్కించలేదు. ఆ తర్వాత, సెలక్షన్‌కి రమ్మనే ఉత్తరం సెలక్షన్ అయిపోయిన నాలుగు రోజులకి మా ఇంటికి చేరింది. రెండోసారి ఆరు రోజులకి. మూడోసారి ఉత్తరమే రాలేదు. ఎవరు చేశారో, కావాలని చేశారో మరిచిపోయారో ఈనాటికీ మాకు తెలీదు. రిజర్వుగా వెళ్ళినప్పుడు అక్కకి సోమన్న గారని మారిషస్ కోచ్ పరిచయమయ్యారు. వాళ్ళ ముత్తాత మన కోరంగి రేవులో ఓడెక్కి చెరుకు తోటల్లో పనికి వెళ్ళినాయన. మా బడిలో కోచ్ ఉద్యోగం ఉంది, వస్తావా అని ఆయన రాస్తే అక్క ఇరవయ్యొకటో ఏట వెళ్ళింది. ఉద్యోగానికే వెళ్ళిందని మేమంతా అనుకున్నాం. నాన్న మాత్రం, క్యాంపు నుంచి పిలుపొస్తే వచ్చేస్తుందని అందరికీ చెప్పేవాడు.

మార్కెట్ గేటు పక్క గోడ మీద అక్క బొమ్మ ఉండేది. వెండి పతకం వచ్చినప్పుడు వ్యాపారులంతా కలిసి రాయించారు. నీలం కోటు, గుండెల మీద ఇండియా అన్న అక్షరాలు, మెడలో పతకం. ముక్కు అక్కది కాదు. ఆ పెయింటర్ సినిమా బోర్డులు రాసే మనిషి, ఏ హీరోయిన్ ముక్కో పెట్టేశాడు. కింద 'రావులపాలెం ఆడపులి' అని పెద్దక్షరాలు. గెల భుజాన వేసుకుని నాన్న ఆ గోడ ముందునుంచే లారీ దగ్గరికి వెళ్ళాలి. ఏళ్ళ తరబడి రోజూ వెళ్ళాడు.

ఈస్టర్ అయిన వారానికి పేపర్లో జిల్లా పేజీలో వార్త పడింది. మన ఊరి పిల్ల మన దేశం మీదే బరిలోకి దిగుతోందని రాశారు. ఆ పొద్దున్న నాన్న టీకొట్టు దగ్గరికి వెళ్తే మాటలు ఆగిపోయాయట. టీ తాగకుండానే వచ్చేశాడు. సాయంత్రం మార్కెట్ పెద్ద వీరవెంకటసత్యనారాయణ గారు ఇంటికి కబురు పెట్టారు. ఆయన మంచాయన. అక్క మొదటి ప్రయాణానికి పెట్టె కొనిచ్చింది ఆయనే.

"యెహెజ్కేలూ, నాకేం లేదు గానీ, కుర్రాళ్ళు గోడ మీద పేడ కొడతామంటున్నారు. మన పిల్ల బొమ్మ మీద అలాంటిది పడితే నువ్వు చూడగలవా, నేను చూడగలనా? రేపు సున్నం కొట్టించేస్తాను. ఏమీ అనుకోకు."

"ఎవరిచేతో ఎందుకండి," అన్నాడు నాన్న. "నేనే కొడతానండి."

మర్నాడు పొద్దున్నే నేను టిఫిను క్యారేజీ తీసుకుని వెళ్ళేసరికి నాన్న నిచ్చెన మీదున్నాడు. బకెట్లో సున్నం. అక్షరాలు అప్పటికే పోయాయి. కోటు కూడా పోయింది. మొహం ఒక్కటీ మిగిలింది. యార్డులో పని సాగుతూనే ఉంది గానీ ఎవరూ అటు చూడటం లేదు. ముఠావాళ్ళు గెలలెత్తుకుని గోడకి దూరంగా తిరిగి వెళ్తున్నారు.

"నాన్నా, దిగు. నేను కొడతాను."

"నీకు అందదమ్మా."

ఆయన కుంచె ముంచి నుదురు మీంచి మొదలుపెట్టాడు. నెమ్మదిగా, ఒంటి మీద నూనె రాసినట్టు. ఒక పూత పూర్తయింది. తడిలోంచి కళ్ళు ఇంకా కనపడుతున్నాయి. నాన్న కిందికి దిగి, నాలుగడుగులు వెనక్కి వేసి చూశాడు.

"ఆరితే మళ్ళీ పైకి తేలుతుంది. రేపు ఇంకో పూత వెయ్యాలి," అన్నాడు. క్యారేజీ విప్పి అక్కడే కూర్చుని ఇడ్లీ తిన్నాడు. చేతులు కడుక్కోమని చెబుదామనుకుని ఊరుకున్నాను.

ఆ వారం నుంచి ఆదివారం ఫోన్ మోగితే నాన్న పెరట్లోకి వెళ్ళిపోయేవాడు. "నాన్నేడీ?" అని అక్క అడిగేది. "స్నానం చేస్తున్నాడు" అని నేను చెప్పేదాన్ని. మూడు ఆదివారాలు స్నానమే చెప్పాను. నాలుగోసారి అక్క అడగలేదు.

మే నెలలో నా సంగతి ముందుకొచ్చింది. నేను బీపీఈడీ పాసై కూర్చున్నాను. స్పోర్ట్స్ కోటాలో పీఈటీ పోస్టు ఒకటి పడింది. దరఖాస్తుకి గడువు జూన్ పదిహేను. రాష్ట్ర పోటీల్లో నాకు వచ్చిన సర్టిఫికెట్ మీద కుస్తీ సంఘం వాళ్ళ ముద్ర పడితే ఆ పోస్టు దాదాపు నాదే. వెంకన్న మాస్టారు కూడా లెక్కలేసి అదే చెప్పారు. సర్టిఫికెట్ ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని రాజమండ్రి వెళ్ళాను.

సంఘం కార్యదర్శి గారు ఫ్యాన్ కింద కూర్చుని ఏదో రాసుకుంటున్నారు. నన్ను కూర్చోమన్నారు. మంచినీళ్ళు తెప్పించారు. సర్టిఫికెట్ అటూ ఇటూ తిప్పి చూశారు.

"యెహెజ్కేలు రెండో అమ్మాయివి కదూ?"

"అవునండి."

"మీ అక్క నాలుగు పట్లు నేర్చుకుంది అంటే మన క్యాంపుల్లోనే. మనం పెట్టిన తిండి తినే. ఇప్పుడు మన పిల్లనే పడెయ్యడానికొస్తోంది. ఎలా ఉందంటావు?"

"అది మా అక్క సంగతండి. ఈ సర్టిఫికెట్ నాదండి."

"నీదేనమ్మా, కాదన్నానా? పోటీలు కానియ్యి. తర్వాత రా. చూద్దాం."

కోపంగా అనలేదు. అదే నాకు భయమేసింది. బస్సు ధవళేశ్వరం బ్యారేజి మీదికి వచ్చేసరికి మిట్టమధ్యాహ్నం. గోదావరిలో నీళ్ళ కంటే ఇసకే ఎక్కువగా ఉంది. కవరు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. అక్క మీద నాకు అంతకుముందు కోపం రాలేదని కాదు. ఆ రోజు మాత్రం పళ్ళు నొప్పెట్టేలా వచ్చింది. ఐదేళ్ళు కింద పడ్డది నేను. ఇంకా పడుతున్నదీ నేనే.

ఆ ఆదివారం ఫోన్లో దులిపేశాను.

"ఎందుకక్కా నీకిదంతా? ఉద్యోగముంది. సుఖంగా ఉన్నావు. నాన్న టీకొట్టుకి వెళ్ళడం మానేశాడు తెలుసా? గోడ మీద నీ బొమ్మకి ఆయనే సున్నం కొట్టాడు తెలుసా?"

అవతల కుర్చీ జరిగిన చప్పుడు వినపడింది.

"ఆయనే కొట్టాడా?" అంది అక్క.

"మూడు పూతలు."

"సువ్వీ, నాకు ఇరవయ్యేడొచ్చాయే. ఇంట్లో రెండేళ్ళు బ్యాగు సర్దుకుని మంచం మీద కూర్చున్నాను, ఇవాళ పిలుస్తారు రేపు పిలుస్తారని. ఇక్కడ ఆరేళ్ళుగా ఒకళ్ళ పిల్లలకి పట్లు చెబుతున్నాను. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, నన్ను పేరు పెట్టి పిలిస్తే మ్యాట్ మీదికి వెళ్ళి నిలబడాలని ఉంది. మనోళ్ళు పిలిస్తే పరిగెత్తుకుంటూ వచ్చేదాన్ని కాదా? వీళ్ళు పిలిచారు. అంతే. ఇంకేం లేదు."

సర్టిఫికెట్ మాట నా నాలిక చివరిదాకా వచ్చింది. చెప్పలేదు.

పోటీలకి వెళ్దామని మొదట అన్నది అమ్మ. ఇంట్లో ఎప్పుడూ గట్టిగా మాట్లాడని మనిషి, ఒకరోజు అన్నం వడ్డిస్తూ, "పిల్లని చూసి మూడేళ్ళయింది. ఎవరొచ్చినా రాకపోయినా నేను వెళ్తున్నాను," అంది.

"వెళ్ళు. నేనొద్దన్నానా," అన్నాడు నాన్న. "నేను మాత్రం రాను. రాజమండ్రిలో రైలెక్కించి వచ్చేస్తాను."

రాజమండ్రిలో మాతోపాటు పెట్టెలోకి ఎక్కాడు, సామాను సర్దుతానని. సర్దుతుండగానే బండి కదిలింది. "సామర్లకోటలో దిగిపోతాలే," అన్నాడు. సామర్లకోటలో బండి బాగానే ఆగింది. నాన్న దిగాడు. కుళాయి దగ్గర సీసాలో నీళ్ళు పట్టుకుని మళ్ళీ ఎక్కి తన చోట్లో తను కూర్చున్నాడు. అమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అక్క వాళ్ళని ఒక హాస్టల్లో దింపారు. మేం వెళ్ళేసరికి అక్క ఆ ఎండలో ప్లాస్టిక్ కోటు తొడుక్కుని గేటు లోపల పరిగెడుతోంది. అరవై మూడు కిలోల విభాగం. సాయంత్రం తూకానికి ఇంకా నాలుగు వందల గ్రాములు తగ్గాలట. బుగ్గలు లోపలికి పోయాయి. పెదాలు పగిలి ఉన్నాయి. అమ్మ అది చూడలేకపోయింది. సంచిలోంచి చక్రకేళి పండు తీసి ఒలిచి నోటి దగ్గర పెట్టింది. అక్క దాన్ని వాసన చూసి, కళ్ళు మూసుకుని, మళ్ళీ అమ్మ చేతిలో పెట్టింది.

"తూకమయ్యాక తింటానమ్మా. దాచు."

అమ్మని ఒక్క కుడి చేత్తోనే దగ్గరికి తీసుకుంది. ఎడమ చెయ్యి పక్కకి వేలాడుతోంది. ఐదేళ్ళు ఆ చెయ్యి కింద పడ్డదాన్ని, నాకు తెలీదా?

"భుజానికేమైంది?"

"ఏం లేదు. పట్టేసింది." అంటూనే గేటు వైపు చూసింది. "నాన్న రాలేదా?"

"వచ్చాడు. బీచి చూస్తానని వెళ్ళాడు."

"నాన్నకి బీచంటే ఇష్టమని నాకెప్పుడూ చెప్పలేదే," అంది అక్క. నవ్వబోయింది గానీ పెదవి పగిలి నెత్తురొచ్చింది.

మర్నాడు పొద్దున్న స్టేడియంలో అడుగుపెట్టగానే తెలిసిన మొదటి కబురు, సోమన్న గారు ఆసుపత్రిలో ఉన్నారని. వైజాగ్ ఎండ ఆయనకి పడలేదు. రాత్రి నుంచి వాంతులు. మారిషస్ జట్టంటే అక్క, తన కుస్తీలు తను పట్టాల్సిన ఇంకో పిల్ల, ఆయన. అంతే. ఇప్పుడు అక్క మ్యాట్ ఎక్కితే మూల కుర్చీలో కూర్చుని చూసేవాళ్ళు, మధ్య విరామంలో నీళ్ళిచ్చి నాలుగు ముక్కలు చెప్పేవాళ్ళు లేరు. ఆయన తన కోటు అక్క చేతికిచ్చి పంపారు. మీ చెల్లి ఉందన్నావు కదా, తనని కూర్చోమను, నేను అడిగానని చెప్పమన్నారట. నిర్వాహకులు కూడా సరే అన్నారు.

ఎరుపు, నీలం, పసుపు, ఆకుపచ్చ చారలున్న కోటు. వీపు మీద ఇంగ్లీషులో మారిషస్ అని. అక్క దాన్ని నాకివ్వలేదు. చేతి మీద వేసుకునే నిలబడింది.

"వద్దులేవే. ఖాళీ కుర్చీతోనే కానిచ్చేస్తాను. నీకెందుకు."

నేను హాల్లోకి చూశాను. మ్యాట్‌కి అవతల అతిథుల కోసం సోఫాలు వేశారు. ముందు వరసలో మా సంఘం కార్యదర్శి గారు తెల్లబట్టల్లో కూర్చుని పక్కాయనతో మాట్లాడుతున్నారు. పక్కన పేపర్ల ఫోటోగ్రాఫర్లు. వెనక మెట్ల మీద పైన ఎక్కడో అమ్మ, నాన్న.

కోటు తీసుకుని తొడుక్కున్నాను. చేతులు పొడుగయ్యాయి. రెండు మడతలు పెట్టుకున్నాను.

"నీళ్ళ సీసా ఏదీ?" అన్నాను.

నేను కుర్చీలో కూర్చునేటప్పుడు కార్యదర్శి గారు నన్ను చూశారు. కొద్దిగా తలూపారు, నమస్కారానికి బదులుగా ఊపినట్టు. ఆ ముద్ర నాకు పడలేదు. ఇంకో రెండేళ్ళు ప్రైవేటు బళ్ళో పనిచేసి, మామూలు కోటాలో పరీక్ష రాసి ఉద్యోగం తెచ్చుకున్నాను. ఇది అక్కకి ఇప్పటికీ తెలీదు.

అక్క మొదటి కుస్తీ నిమిషంన్నరలో గెలిచింది. రెండోది కిందామీదా పడి గెలిచింది. ఫైనల్‌కి చేరింది. ఎదురుగా ఇండియా పిల్ల బిమ్లా. హర్యానా అమ్మాయి. క్యాంపులో అక్క పక్క మంచం తనది. ఒకరి కోసం ఒకరు రొట్టెలు దాచుకున్నవాళ్ళే. మ్యాట్ మధ్యలో చేతులు కలిపినప్పుడు బిమ్లా అక్క చెయ్యి కాస్త ఎక్కువసేపు పట్టుకుంది.

అప్పటిదాకా సరదాగా చూస్తున్న జనం ఒక్కసారిగా మారిపోయారు. అక్క కదిలినప్పుడల్లా కేకలు. రావులపాలెం నుంచి కూడా ఓ జీపులో వచ్చారట. మెట్ల మీద నాన్న ముందు వరసలో ఒకాయన లేచి, "అమ్ముడుపోయిందిరా!" అని అరిచాడు. ఇది నేను వినలేదు, అమ్మ తర్వాత చెప్పింది. నాన్న వెనకనుంచి ఆయన భుజం మీద తట్టి, "అమ్ముడుపోలేదండి. అడిగినవాళ్ళు లేక వెళ్ళింది," అన్నాడట. ఆయన వెనక్కి తిరిగి చూసి, ఎవరండి మీరు అని అడిగితే, నాన్న మళ్ళీ మ్యాట్ వైపు తిరిగాడట. అరిచినాయనే కూర్చున్నాడట.

రెండేసి నిమిషాల రౌండ్లు మూడు. రెండు గెలిచినవాళ్ళది కుస్తీ. మొదటిది బిమ్లా గెలిచింది. రెండోదాంట్లో అక్క ఆమెని గీత అవతలికి నెట్టి ఒక్క పాయింటుతో బయటపడింది. విరామం ముప్ఫై సెకన్లు. అక్క వచ్చి మోకాళ్ళ మీద కూర్చుంది. నోట్లో నీళ్ళు పోశాను. మెడ మీద తడిగుడ్డ వేస్తుంటే చెవిలో అంది:

"ఎడమ చెయ్యి లేవట్లేదే."

"ఆపించెయ్యనా?"

"వద్దు. ఏం చెయ్యనో చెప్పు."

నాకు కోచింగ్ ఏం తెలుసు? నాకు తెలిసింది ఒక్కటే. "నన్ను పడేసినట్టు పడెయ్. ఆ చెయ్యి ఒక్కసారికి లేస్తుంది. రెండోసారి అడక్కు."

అక్క నా కళ్ళలోకి చూసి లేచింది.

నిమిషం దాకా ఇద్దరూ నుదుళ్ళు ఆనించి తోసుకున్నారు. తర్వాత అక్క నడుం తిరిగింది. అది మొదలవుతుంటేనే నాకు వీపులో తెలిసింది. బిమ్లా కాళ్ళు నేల వదిలాయి. అక్క ఎడమ భుజం మీంచి గాల్లో గుండ్రంగా తిరిగి వెల్లకిలా పడింది. మూడు పాయింట్లు. హాలంతా ఒక్కసారి నోరు మూసుకుంది. ఆ నిశ్శబ్దంలో అక్క గొంతులోంచి వచ్చిన మూలుగు నేను విన్నాను. ఆ తర్వాత ఆ చెయ్యి పనిచెయ్యలేదు. బిమ్లాకి అది అర్థమైంది. అర్థమైనా కాసేపు ఆ పక్కకి వెళ్ళలేదు. వాళ్ళ కోచ్ అరిచాడు. అప్పుడు వెళ్ళింది. కాలు పట్టి కింద పడేసింది, తిప్పింది, చివరి సెకన్లలో ఇంకో పాయింటు లాగేసింది. బోర్డు మీద మూడు, నాలుగు.

స్టేడియం కప్పు ఎగిరిపోయేలా ఈలలు. రిఫరీ బిమ్లా చెయ్యి పైకెత్తాడు. అక్క ఆమెని కౌగిలించుకుని, వాళ్ళ కోచ్ దగ్గరికి వెళ్ళి చెయ్యి కలిపింది. ఇటు వస్తుందని నేను తువ్వాలు పట్టుకుని లేచాను. రాలేదు. మళ్ళీ మ్యాట్ మధ్యకి వెళ్ళి కూర్చుంది. ఒంటి చేత్తో బూట్ల తాళ్ళు విప్పడం మొదలుపెట్టింది.

కుస్తీ మానేసేవాళ్ళు చివరిసారి అలా చేస్తారు. బూట్లు మ్యాట్ మధ్యలో వదిలేసి వట్టి కాళ్ళతో వెళ్ళిపోతారు. క్యాంపులో విని అక్కే నాకు ఎప్పుడో చెప్పింది. ఇవాళ చేస్తుందని నాకు చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. తాళ్ళు చిక్కుపడితే పళ్ళతో లాగింది. రెండూ విప్పి పక్కపక్కన పెట్టింది. వంగి కుడి చేత్తో మ్యాట్‌ని తాకింది. తెలిసినవాళ్ళు ముందు లేచి నిలబడ్డారు. బిమ్లా మొహం రెండు చేతుల్లో దాచుకుంది. ఈలలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. తెలియనివాళ్ళు కూడా ఏదో జరుగుతోందని ఊరుకున్నారు.

అక్క మేజోళ్ళతో నడుచుకుంటూ నా దగ్గరికి వచ్చేసింది. తువ్వాలు కప్పాను.

అప్పుడు మెట్ల మీంచి ఎవరో గబగబా దిగి వస్తున్నట్టు అనిపించి అటు చూశాను. నాన్న. కింద ఒక వాలంటీరు చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఎక్కడికండి?"

"మా అమ్మాయండి. బూట్లు మరిచిపోయి వెళ్ళిపోతోందండి," అన్నాడు నాన్న.

ఆ కుర్రాడు ఏదో చెప్పబోయాడు. నాన్న మొహం చూసి చెయ్యి దించేశాడు.

నాన్న మ్యాట్ అంచు దాకా వచ్చి ఆగాడు. చర్చి మెట్ల దగ్గర విప్పినట్టు చెప్పులు రెండూ విప్పి పక్కన పెట్టాడు. ఆ మెత్తటి మ్యాట్ మీద ఎలా నడవాలో తెలియక అడుగు తీసి అడుగు వేస్తూ మధ్యకి వెళ్ళాడు. రిఫరీ పక్కకి తప్పుకున్నాడు. నాన్న వంగి బూట్లు తీసుకుని, అరచేత్తో ఒకసారి తుడిచి, గుండెకి ఆనించి పట్టుకుని మా దగ్గరికి వచ్చాడు.

"కొత్తవిలా ఉన్నాయి కదమ్మా. వదిలేసి వచ్చేశావేంటి?"

రెండు నెలల తర్వాత ఆయన అక్కతో మాట్లాడిన మొదటి మాట అది.

అక్క పెదవులు కదిలాయి. "ఇంక నాకు అక్కర్లేదు నాన్నా," అంది.

నాన్న అక్క వంక చూశాడు. వేలాడుతున్న ఎడమ చెయ్యి చూశాడు. కాళ్ళ వంక చూశాడు. అప్పుడు అర్థమైందో, ఇంకా కాలేదో నాకు తెలీదు. చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని, బూట్లు సరిగ్గా పట్టుకున్నాడు.

"సర్లే," అన్నాడు. "నువ్వు నడు. నేను పట్టుకొస్తాను."